అట్ట వెనక్కి తిప్పి మార్కులేయండి

ఆల్బమ్ కవర్ ప్రాజెక్టులకు మార్కులు వేసే మాస్టార్లకు, మేడమ్‌లకు ఒక మనవి. పిల్లలు తయారుచేసిన ప్యాకెట్టు చేతికి రాగానే ముందువైపు చూడకండి. వెనక్కి తిప్పండి. పాట రాసిందెవరు, పాడిందెవరు, డోలక్ వాయించిందెవరు అన్నది అక్కడ కనిపిస్తే అప్పుడు ముందువైపు బొమ్మ దగ్గరికి రండి. కనిపించకపోతే, బొమ్మ ఎంత బ్రహ్మాండంగా ఉన్నా సగం మార్కులు కోసేయండి.

ఇది చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారేమో. అచ్చు వేసేవాణ్ని. విజయవాడ గాంధీనగర్‌లో మా ప్రెస్సు. ఒకప్పుడు ఈ వీధుల నిండా సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులే. మా నాన్నగారి హయాంలో పాటల పుస్తకాలు వేశాం. నా చేతికొచ్చేసరికి భక్తిగీతాల క్యాసెట్ల ఇన్‌లే కార్డులు. ఇప్పుడు పెళ్లిపత్రికలు, ఆస్పత్రి ఫైళ్లు, స్వీటు డబ్బాలు. సెమిస్టరు చివర్లో మాత్రం మాస్ కమ్యూనికేషన్, మల్టీమీడియా చదివే పిల్లలు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని దిగుతారు. "అంకుల్, రేపే సబ్మిషన్" అన్నదే వాళ్ల పలకరింపు.

ప్రాజెక్టు ఏమిటంటే, తాము రికార్డు చేసిన పాటలకో, ఊహించుకున్న బ్యాండుకో ఒక మ్యూజిక్ వీడియో తీయాలి. దానితోపాటు మడిచే అట్టతో సీడీ ప్యాకెట్టు ఒకటి చేయాలి. దాన్ని డిజిపాక్ అంటారు. కేంబ్రిడ్జి ఎ లెవెల్ మీడియా స్టడీస్ సిలబస్‌లో ఉన్న పనే ఇది. మన కాలేజీల్లోనూ కొద్ది తేడాలతో ఇదే నడుస్తోంది. మూడు మడతల డిజిపాక్ అయితే లోపలా బయటా కలిపి ఆరు ముఖాలు. 13×19 షీటు మీద రెండువైపులా కొట్టి, లామినేషన్ చేసి, క్రీజింగ్ వేసి మడవాలి. క్రీజింగ్ లేకుండా మడిస్తే డిజిటల్ ప్రింటులో మడత వెంబడి టోనరు పగిలి తెల్లగీత తేలుతుంది. ముదురు రంగైతే మరీ అసహ్యంగా ఉంటుంది. రేపు సబ్మిషన్ అని ఈ సాయంత్రం వచ్చినవాళ్ల ప్యాకెట్లకి ఆ గీత ఖాయం.

ముందు ముఖం ఇప్పుడు కష్టమే కాదు. ఏఐకి నాలుగు ముక్కలు చెబితే చాలు. గోదావరి మీద సూర్యాస్తమయం, నీళ్లలో తేలే వీణ, వీణ మీద పిట్ట, పిట్ట మెడలో కాసులపేరు కూడా! దాని మీద తెలుగులా కనిపిస్తూ ఏ అక్షరమూ కాని వంకర గీతలు కొన్ని. ఇదేంటమ్మా అంటే "డిజైన్ ఎలిమెంట్ అంకుల్" అంటారు. వెనక్కి తిప్పితే "మ్యూజిక్: వేరియస్ ఆర్టిస్ట్స్". పక్కన నెట్‌లో దొరికిన బార్‌కోడు. సరదాకి ఒకదాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే అది బిస్కెట్ ప్యాకెట్టుదని తేలింది.

ఈ ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు క్లాసులో చూపించే కవర్లలో పింక్ ఫ్లాయిడ్ వాళ్లది ఎక్కడైనా ఉంటుంది. నల్లని అట్ట, నడుమ పట్టకం, అందులోంచి రంగుల కాంతి. 1973 నాటి 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. దాని ముందు అట్ట మీద బ్యాండు పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు. "చూశారా, ఎంత క్లీన్‌గా ఉందో" అని చెబుతారు. అక్కడితో ఆపేస్తారు. ఆ అట్ట తెరిస్తే లోపల పాటల సాహిత్యమంతా ఉంది, ఎవరెవరు ఏం చేశారో ఉంది. అందులో ఒక పాటకి మాటలే ఉండవు. క్లేర్ టోరీ అనే గాయని స్టూడియోకొచ్చి గొంతుతో ఆలపించి వెళ్లింది. ఆ రోజు ఆమెకిచ్చింది 30 పౌన్లు. గాయనిగా పేరు వేశారు కానీ స్వరకల్పనలో వాటా ఇవ్వలేదు. ఆమె 2004లో కోర్టుకెళ్లింది, మరుసటేడు రాజీ కుదిరింది. ఆ తర్వాత వచ్చిన ముద్రణల్లో ఆ పాట దగ్గర స్వరకర్తగా ఆమె పేరూ చేరింది. ఆ పట్టకం బొమ్మ చూపించిన గంటలోనే ఈ సంగతి కూడా చెప్పొచ్చు కదా.

మన దేశంలో అయితే ఇంకా విడ్డూరం. 1949లో వచ్చిన 'మహల్' సినిమా పాట రికార్డు మీద గాయని పేరు 'కామిని' అని ఉంది. సినిమాలో ఆ పాత్ర పేరది. పాడింది లతా మంగేష్కర్. ఈ కామిని ఎవరని రేడియోకి ఉత్తరాలు వెళితేగానీ అసలు పేరు బయటపడలేదు. రికార్డు లేబులు మీద పేరు వేసే చోటు ఉంది, వేసే సిరా ఉంది. వేయాలన్న ధ్యాసే లేదు.

మా పాటల పుస్తకాలు ఈ విషయంలో మెరుగు. నాసిరకం న్యూస్‌ప్రింటు, మూలకి జారిన బ్లాకు, నాయకుడి మొహం మీద నాయిక పెదవుల రంగు. కథాసంగ్రహం సగంలో ఆగి "మిగతా వెండితెరపై చూడండి" అంటుంది. కానీ పాట పక్కన రాసినవారు, పాడినవారు ఉండేవారు. హాలు బయట కొని ఇంటికెళ్లి కంఠస్థం చేసినవాళ్లకి ఆత్రేయ పాటేదో, దాశరథి పాటేదో తెలిసేది.

క్యాసెట్ల కాలానికి చట్టమే వచ్చింది. కాపీరైట్ చట్టంలో 52-ఎ అనే సెక్షన్‌ను 1984 సవరణలో చేర్చారు. సౌండ్ రికార్డింగు అమ్మేటప్పుడు దాని మీద, దాని డబ్బా మీద రికార్డింగు చేసినవారి పేరూ చిరునామా, హక్కుదారు పేరూ చిరునామా, మొదట ప్రచురించిన సంవత్సరం ఉండాలి. దొంగ క్యాసెట్లకి అడ్డుకట్టగా పెట్టిన నిబంధన అది. ఇన్‌లే కార్డు వీపు భాగం అర అంగుళం, ముందు ముఖం రెండున్నర అంగుళాలు. అందులో దేవుడి బొమ్మ, పాటల వరస, సైడ్ ఎ, సైడ్ బి, ధర, ఈ 52-ఎ సరంజామా అంతా పట్టించాలి. చోటు చాలక దేవుడి కిరీటం కోసిన సందర్భాలున్నాయి గానీ, పేరు కోసింది లేదు. ఈ సెక్షన్ సంగతి విన్న విద్యార్థి నాకింకా తగల్లేదు. సిలబస్‌లో కలర్ థియరీ ఉంది, సెమియాటిక్స్ ఉంది, ఇది మాత్రం లేదు.

పేరంటే గౌరవం ఒక్కటే కాదు, డబ్బు కూడా. 2012లో కాపీరైట్ చట్టాన్ని మళ్లీ సవరించి, సినిమా హాలు బయట పాట ఎక్కడ వాడినా రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వాటా ఇవ్వాలన్నారు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దీనికోసం గట్టిగా నిలబడ్డారు. ఆ వాటా చేరాలంటే ముందు ఎక్కడో ఒకచోట పేరు తప్పుల్లేకుండా నమోదై ఉండాలి.

మొన్నటి సెమిస్టరులో వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. శ్రీకాకుళం వైపు పిల్ల. వాళ్ల అమ్మమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు పాడిన ఊడుపు పాటలు ఫోనులో రికార్డు చేసుకొచ్చింది. ముందు అట్ట మీద తనే తీసిన ఫొటో. మోకాలిదాకా బురద, ఎత్తి కట్టిన చీర కుచ్చెళ్లు, చేతిలో నారుకట్ట. చాలా బాగుంది. వెనక మాత్రం "గానం: జానపద మహిళలు, శ్రీకాకుళం జిల్లా" అని ఒక్క ముక్క.

"అమ్మాయ్, మీ అమ్మమ్మ జానపద మహిళా?" అన్నాను.

నవ్వి, అక్కడే కుర్చీలో కూర్చుని ఫోను కలిపింది. స్పీకరులో పెట్టింది. నేను పక్కనుంచి వింటూనే ఉన్నాను. ఒకావిడకి రేషన్ కార్డులో సూర్యకాంతం, ఊళ్లో సూరమ్మ. ఏది వేయాలి? "కారడ్డు మీద పేరెయ్యకే బుల్లీ, అది నానేనని మా ఇంటోల్లకే తెల్దు. సూరమ్మనెయ్యి" అందావిడ. ఇంకొకావిడకి పేరు అచ్చులో పడితే పింఛనుకేమైనా అడ్డమా అని అనుమానం. అడ్డం కాదని అమ్మమ్మ, మనవరాలు, చివరికి నేను కూడా చెప్పాల్సొచ్చింది. ఒకావిడ మాత్రం వద్దంటే వద్దంది. పాట అందరిదీ, నా పేరెందుకంది. ఆవిడ మాటా కాదనలేం. "పేరు వద్దన్న మరొకరు" అని వేశాం. పల్లవి ఎత్తుకున్నదెవరు, వంత పాడినదెవరు, ఏ ఊళ్లో ఏ నెలలో రికార్డు చేశారు అన్నదీ చేర్చింది. ప్రూఫు చూసుకుని ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఇంటికి ఫొటో పంపింది.

కాలేజీవాళ్లు మార్కులు తగ్గించారు. "బ్యాక్ కవర్‌లో మేటర్ ఎక్కువైంది, క్లీన్‌గా లేదు" అని రాశారట. వాళ్ల మార్కుల షీటు ఆ పిల్ల చూపించింది. విజువల్ ఇంపాక్ట్‌కి సగానికి పైనే మార్కులు. వెనకవైపుకి 'నీట్‌నెస్' అని ఒక చిన్న గడి. పేర్లకి గడే లేదు.

మేటర్ ఎక్కువైందంటే దాన్ని సర్దడమే కదా డిజైనంటే. బొమ్మ పెట్టడం తేలిక. ఒత్తులు కిందికీ గుడులు పైకీ వెళ్లే తెలుగులో పన్నెండు పేర్లు అరచేతంత చోటులో చదవగలిగేలా కూర్చడం కష్టం. ఇంగ్లీషులో ఆరు పాయింట్లకి చదవొచ్చు, తెలుగుకి ఎనిమిదైనా కావాలి, వరసల మధ్య ఎడమూ కావాలి. లేదంటే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతుంది. ఫొటోషాప్‌లో భారతీయ భాషల సెట్టింగు మార్చకపోతే 'లక్ష్మి' ముక్కలైపోయి పొల్లులు పొల్లులుగా పడుతుంది. అలా పడ్డ పేరు అలాగే సబ్మిట్ చేసినవాళ్లూ ఉన్నారు. మంచి ఫాంట్లు లేవనడానికి లేదు. మండలి, గిడుగు, రామభద్ర, సురవరం ఉచితంగానే దొరుకుతాయి. వీటన్నిటితో కుస్తీపట్టిన పిల్లకి తక్కువ మార్కులు, ఏఐ పిట్టకి ఎక్కువ మార్కులు!

ఇంతకీ సీడీ ప్లేయరే లేని రోజుల్లో సీడీ ప్యాకెట్టు ఎందుకు, మూడువేల పిక్సెళ్ల చదరం ఒకటి చేయిస్తే చాలదా అని ఒక లెక్చరరుగారు నాతో వాదించారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ల్యాప్‌టాపులకి డ్రైవు పోయింది, పాట ఫోనులోనే ఉంది. కానీ ఫోనులో ఆ చదరం వేలిగోరంత. దానికి వెనకవైపు లేదు. క్రెడిట్లు కావాలంటే మూడు చుక్కలు నొక్కి వెతుక్కోవాలి, అక్కడ ఎవరో నింపితేనే ఉంటాయి. ఆ నింపేవాళ్లు రేపు ఈ పిల్లలే. అట్టతో చేసేటప్పుడు ఆరు ముఖాలు ఖాళీగా నోళ్లు తెరుచుకుని అడుగుతాయి, ఇక్కడేం వేస్తావని. వాటిని నింపడానికి పదిమందికి ఫోను చేయాల్సొస్తుంది. సీడీ అక్కర్లేదు, లోపల క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. అట్ట మాత్రం ఉండనివ్వండి.

వస్తువుగా చేస్తే ఇంకో లాభం, అది ఎదురుతిరుగుతుంది. 1971లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'స్టికీ ఫింగర్స్' ఎల్పీ అట్టకి నిజమైన జిప్పు కుట్టారు. ఒకదానిమీదొకటి పేర్చి పంపితే ఆ జిప్పు నొక్కుకుని రికార్డులు పాడయ్యాయి. చివరికి జిప్పుని కొంత కిందికి లాగి పంపారు, ఒత్తిడి మధ్యలో లేబులు మీద పడేలా. మా దగ్గరికొచ్చే పిల్లలూ అట్టకి అద్దాలు, గవ్వలు, కొబ్బరిపీచు అంటిస్తామంటారు. అంటించమంటాను. అంటించి, పది ప్యాకెట్లు పేర్చి, పైన పేపరు రీము పెట్టి చూడమంటాను.

కాలేజీలు షీటులో ఒక్క గడి పెంచితే చాలు. పేర్లు, అనుమతులు, సంవత్సరం, ఊరు: వీటికి మూడోవంతు మార్కులు. పేరు వేసిన ప్రతి ఒక్కరికీ ప్రూఫు చూపించినట్టు ఫోను మెసేజో, సంతకమో జతచేయాలి. వచ్చే సెమిస్టరు నుంచి మా ప్రెస్సులో ఆ జాబితాతో వచ్చే బ్యాచ్‌కి లామినేషన్, క్రీజింగ్ ఖర్చు నాది. కాలేజీలవాళ్లు ఆ గడి చేర్చేదాకా ఈ ఆఫరు నడుస్తుంది. నా జేబుకి చిల్లుపడకుండా వాళ్లు త్వరగా కదిలితే మంచిది.