కులం గడి లేని కొలమానాలు

తెలంగాణలో పదో తరగతి ఉత్తీర్ణత 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం. పాలకులకు ఇది సంబరం. కానీ గణితంలో 35 మార్కులతో గట్టెక్కిన విద్యార్థికి నిష్పత్తి, శాతం నిజంగా తెలుసా అన్న ప్రశ్నకు ఈ అంకెల్లో సమాధానం దొరకదు.

అంతర్జాతీయ పరీక్షలు ఆ ప్రశ్నే అడుగుతాయి. పదిహేనేళ్ల పిల్లలు నేర్చిన గణితాన్ని, విజ్ఞానశాస్త్రాన్ని జీవితానికి అన్వయించగలరా అని ‘పీసా’ చూస్తుంది. నాలుగు, ఎనిమిది తరగతుల పిల్లలకు పాఠ్యాంశాలపై ఉన్న పట్టును ‘టిమ్స్’ నాలుగేళ్లకోసారి కొలుస్తుంది. 2009 విడత పీసాలో పాల్గొన్న హిమాచల్ ప్రదేశ్, తమిళనాడు పట్టిక అడుగున, కిర్గిజ్‌స్థాన్‌కు మాత్రమే పైన నిలిచాయి. ప్రశ్నలు మన సందర్భానికి సరిపోవంటూ భారత్ ఆ తర్వాతి విడతలకు దూరమైంది.

అయితే ఆ కొలమానమూ సంపూర్ణం కాదు. తల్లిదండ్రుల చదువు, వృత్తి, ఇంట్లోని పుస్తకాలు, ఇంటి భాష గురించి పీసా అడుగుతుంది. కులం గురించి అడగదు. బాన్సువాడ చుట్టుపక్కల తండాల నుంచి బడికి వచ్చే లంబాడా బాలికనే తీసుకుందాం. ఇంట్లో గోర్‌బోలి, ఊళ్లో తెలుగు, 2022-23 నుంచి సర్కారు బడుల్లో విస్తరించిన ఇంగ్లిషు మాధ్యమంలో సైన్సు. ఆమె జవాబు తప్పితే అది సైన్సు రాకనా, ప్రశ్న అర్థం కాకనా? పేదరికం ఒక్కటే దీన్ని వివరించలేదు. నిజాంసాగర్ ఆయకట్టులో పొలం ఎవరిదో, అందులో కూలి ఎవరిదో తరతరాలుగా తేల్చడంలో కులానిదే పెద్ద పాత్ర. ఎవరి ఇంట్లో పుస్తకాలుంటాయన్నది కూడా అక్కడే తేలింది.

ఈ విషయంలో మన జాతీయ సాధన సర్వేయే నయం. 2017, 2021 నివేదికలు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్ విద్యార్థుల సగటులను విడివిడిగా చూపాయి. కానీ ఆ పట్టికలపై శాసనసభలో, పత్రికల్లో ఎంత చర్చ జరిగింది?

కులం గడి పెడితే పిల్లలపై ముద్ర పడుతుందని కొందరి అభ్యంతరం. పిల్లల పేర్లు గోప్యంగా ఉంచి వర్గాల సగటులే ప్రకటిస్తే ముద్ర ఎవరిపై పడుతుంది? పడితే గిడితే బోధించని వ్యవస్థపైనే పడాలి.

2024 నవంబరులో తెలంగాణ ఇంటింటికీ వెళ్లి కులాన్ని లెక్కించింది. అదే ధైర్యంతో టిమ్స్ స్థాయి ప్రశ్నలతో రాష్ట్రవ్యాప్త నమూనా పరీక్ష జరపాలి. గణితం, సైన్సు ఫలితాలను కులం, లింగం, ఇంటి భాష వారీగా ప్రచురించాలి. అంతరం ఎక్కువున్న మండలాలకే ముందుగా ఉపాధ్యాయులను, ప్రయోగశాలలను ఇవ్వాలి. జనాభాలో వాటా తేలినప్పుడు జ్ఞానంలో వాటా తేలకూడదా?

- వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు