లెక్క మనకెందుకు చెప్పరు?

స్త్రీల కోసమని తయారైన కంప్యూటర్ శిక్షణ పాఠాలను నేను చాలాకాలంగా గమనిస్తున్నాను. ఉత్తరం టైపు చేయడం, ఫొటో అతికించడం, గళ్లలో అంకెలు నింపడం అన్నీ ఉంటాయి. ఎవరో ఇచ్చిన అంకెను పొల్లుపోకుండా ఎక్కించడం నేర్పుతారు. ఆ అంకె సరైనదా కాదా తేల్చుకోవడం నేర్పరు. అందుకు కావలసిన పనిముట్టు అదే యంత్రంలో, పైసా ఖర్చు లేకుండా ఉంది. 1985లో వచ్చిన మొదటి విండోస్ నుంచీ ఉంది. స్టార్ట్ నొక్కి కాలిక్యులేటర్ అన్న పేరు కొడితే తెరుచుకుంటుంది. దీన్నొక పాఠంగా పెట్టమంటే శిక్షకులు నవ్వుతారు. "అందులో నేర్పడానికేముంది మేడమ్, నొక్కితే వస్తుందిగా!"

ఏం వస్తుందో చూద్దాం. సంఘంలో చేరేటప్పుడు 500 రూపాయలు, తర్వాత నెలకు 40 చొప్పున పన్నెండు నెలల పొదుపు. మొత్తం ఎంత? స్టాండర్డ్ పద్ధతిలో 500 + 40 × 12 అని వరసగా నొక్కితే 6,480 వస్తుంది. ఏది ముందు నొక్కితే అది ముందు చేసేస్తుంది కాబట్టి 540ని పన్నెండుతో హెచ్చవేసింది. సైంటిఫిక్ పద్ధతికి మార్చి అవే మీటలు నొక్కండి, 980 వస్తుంది. అదే సరైనది. నెలకు నలభై కట్టిన మనిషి 6,480ని చూసి నవ్వేస్తుంది, నిజమే. అంకెలు లక్షల్లో ఉండి, ఎదురుగా టేబుల్ వెనక కూర్చున్నాయన "కంప్యూటరే చెప్పింది" అంటే నవ్వగలదా?

వడ్డీ దగ్గరికి వద్దాం. మన ఊళ్లలో ఆడవాళ్లు వడ్డీని నూటికి నెలకు ఇంత అని లెక్కగడతారు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమనీ, 2004 తర్వాత ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసిన పావలా వడ్డీ అంటే 3 శాతమనీ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంత లెక్క తెలిసిన మనిషి గడపలోకి, 2010కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో, సూక్ష్మరుణ సంస్థల ఏజెంట్లు "పదిహేను శాతమే అమ్మా" అంటూ వచ్చారు. 10,000 అప్పు, యాభై వారాలు, వారానికి 230. మొత్తం కట్టేది 11,500. వడ్డీ 1,500. పదివేల మీద పదిహేను శాతమే కదా! నూటికి రూపాయి పావలా. ఊళ్లో వడ్డీవ్యాపారి కన్నా నయమనిపిస్తుంది.

కానీ ఆ పదివేలూ యాభై వారాలపాటు ఆమె దగ్గర ఉన్నాయా? వారంవారం అసలులో 200 తిరిగి వెళ్లిపోతూనే ఉంది. మొదటి వారం ఆమె బాకీ 10,000, రెండో వారం 9,800, ఆఖరి వారం 200. సగటున ఆమె వాడుకున్నది 5,100 రూపాయలే. ఇప్పుడు 1500 ÷ 5100 నొక్కండి. 0.294 వస్తుంది. అంటే ఏడాదికి 29 శాతం పైచిలుకు, ఆమె భాషలో నూటికి దాదాపు రెండున్నర. బీమా అనీ ఫీజు అనీ ముందే కోసుకుంటే ఇంకా ఎక్కువ. "ఫ్లాట్" అన్న ఒక్క ఇంగ్లీషు మాట అడ్డుపెట్టుకుని చేసిన మోసం ఇది. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చారు. 2022లో రిజర్వు బ్యాంకు, సూక్ష్మరుణాల వడ్డీ మీద పరిమితి తీసేస్తూ, అసలు ఖర్చు ఎంతో తెలిపే పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలంది. బాగుంది. ఆ పత్రంలోని అంకెను సరిచూసుకోవడం ఆమెకు ఎవరు నేర్పారు?

ఆడవాళ్లకు లెక్కలు రావన్న మాట పితృస్వామ్యం కావాలని పెంచి పోషించింది. కంప్యూటర్ అన్న మాటకు మొదట్లో లెక్కలు చేసే మనిషి అని అర్థం. ఆ పని చేసినవాళ్లలో స్త్రీలు ఎందరో. 1946లో అమెరికాలో లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రాన్ని లెక్కలకు సిద్ధం చేసింది ఆరుగురు ఆడవాళ్లు. 1980లో లండన్‌లో శకుంతలాదేవి రెండు పదమూడంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో హెచ్చవేస్తే వింతగా చెప్పుకున్నాం. రోజూ గంపలో కూరగాయలు అమ్ముతూ నోటితో లెక్కలు కట్టే మనిషిని మాత్రం నిరక్షరాస్యురాలి పద్దులో రాసుకుంటాం.

మన స్వచ్ఛంద సంస్థల సంగతీ వేరుగా లేదు. సాధికారత మీద నివేదికలు స్త్రీలు రాస్తారు, పద్దులు "అకౌంటెంటు గారు" చూస్తారు. ఆయన పురుషుడే అయివుంటాడని వేరే చెప్పాలా!

ఆ కాలిక్యులేటర్లోనే తేదీల మధ్య రోజులు లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద, మస్టర్ రోల్ ముగిసిన పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలనీ, ఆలస్యమైతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలనీ నియమం పెట్టారు. 1,800 రూపాయల కూలి గడువు దాటి నలభై రోజులు ఆగిందనుకోండి, రావలసింది 36 రూపాయలు. ముప్పయ్యారు రూపాయలకు ఇంత గోలా అంటారు. ఒకే ఊళ్లో 300 మంది కూలీలైతే 10,800. అడగాలంటే ముందు ఆ అంకె చేతిలో ఉండాలి.

అందుకని నా డిమాండ్ చిన్నదే. శిక్షణలో మొదటి పూట దీనికే ఇవ్వండి. సభ్యులు తమ పాసుపుస్తకాలూ రుణపత్రాలూ వెంట తెచ్చుకోవాలి, ఎవరి లెక్క వాళ్లే నొక్కాలి. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే చేసిన లెక్కలన్నీ పక్కన వరసగా కనిపిస్తాయి. వాటిని పైకి చదివి, కాగితం మీద రాసి సంతకం చేయించండి. తర్వాతి కిస్తీ రోజున ఆ కాగితం పట్టుకుని పదిమందీ కలిసి వెళ్లాలి.