ముఖాలు ముందు, పేర్లు చివర

మా మేనమామ పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై పదకొండేళ్లయింది. గడ్చిరోలి జిల్లాలోనే ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. ఇప్పుడు సిరోంచలో ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చుంటాడు. పత్తి ధర అడిగితే చెప్తాడు, మేడిగడ్డ బ్యారేజీ కట్టాక ఎవరి చేలోకి నీళ్లొచ్చాయో చెప్తాడు. అడవిలో చేసిన డ్యూటీ సంగతి ఎత్తితే మాత్రం పశువులకు గడ్డి వేయాలంటూ లేచిపోతాడు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు రాత్రి నేను ల్యాప్‌టాప్‌లో ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ ఆరో భాగం చూస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

1944 డిసెంబరు, బెల్జియంలోని బాస్టోన్ పట్నం. ఎటు చూసినా మంచు. సైన్యంలో గాయాలకు కట్లు కట్టే యూజీన్ రో అనే కుర్రాడు ఒక్కో గుంత దగ్గరకూ పోయి కత్తెర ఉందా, మార్ఫిన్ ఉందా అని అడుగుతుంటాడు. తుపాకులు పేల్చేవాళ్లను వదిలేసి, అలా అడుక్కుంటూ తిరిగే కుర్రాడి వెంటే కెమెరా పోతుంది. చర్చిలో నడుస్తున్న ఆసుపత్రిలో ఒక నర్సు అతనికి చాక్లెట్ ఇస్తుంది. బాంబులు పడి ఆ చర్చి కూలాక, ఆమె తలకు కట్టుకున్న నీలి గుడ్డ ఒక్కటే అతనికి దొరుకుతుంది. చివరికి స్నేహితుడి చేతి గాయానికి ఆ గుడ్డనే చింపి కడతాడు.

“కత్తెర దొరకదురా” అన్నాడు మామ. “పట్టీ ఉంటది, మందుంటది, టైముకు కత్తెర ఉండదు. పండ్లతోటి చింపుడే.”

ఆ మాటతో మొదలుపెట్టి రాత్రి రెండింటి దాకా చెప్పాడు. గాయపడ్డ తోటి జవానును నులక మంచానికి కట్టి, వానలో వాగు దాటించిన రాత్రి. మంచానికి రెండు కాళ్లు పోలీసులు పట్టుకుంటే తక్కిన రెండూ ఊరివాళ్లు ఇద్దరు పట్టుకున్నారు. వాళ్ల పేర్లు ఆయనకు ఇప్పటికీ గుర్తే. పోలీసులకు సాయం చేసినందుకు తర్వాత వాళ్లకు ఏమైందో అడిగే ధైర్యం లేకపోయిందట. అత్త గడప దగ్గర నిలబడి వింటోంది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఈ కథ వినడం అదే మొదటిసారి.

యుద్ధం మీద ఏ సిరీస్ చూడాలని అడిగేవాళ్లకు నేను చెప్పే గుర్తు ఇదే. నోరు విప్పని మనిషి చేత నోరు విప్పించేది మంచి సిరీస్.

‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ 2001లో హెచ్‌బీవో చానల్‌లో వచ్చింది. స్టీఫెన్ ఆంబ్రోస్ పుస్తకం ఆధారంగా స్టీవెన్ స్పీల్‌బర్గ్, టామ్ హాంక్స్ నిర్మించిన పది భాగాల కథ. అమెరికన్ పారాచూట్ దళంలో ఈజీ కంపెనీ అనే ఒకే ఒక్క బృందాన్ని పట్టుకుని నార్మండీ నుంచి హిట్లర్ కొండ మీది విడిది దాకా నడుస్తుంది. దాదాపు ప్రతి భాగం మొదట్లో ముసలివాళ్లు కొందరు కెమెరా ముందు కూర్చుని నాలుగు మాటలు చెప్తారు. ఒకాయన గొంతు పూడుకుపోతుంది, ఇంకొకాయన పక్కకు చూస్తాడు. పేర్లు వేయరు. పదో భాగం ముగిశాక ఆ ముఖాల కింద పేర్లు పడతాయి. పది గంటలపాటు మనం ప్రాణం పెట్టి చూసిన కుర్రాళ్లు వీళ్లేనని అప్పుడు తెలుస్తుంది. నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ ఆ చోట కళ్లు తుడుచుకున్నాను. ఆ పెద్దలు బతికుండగా తీయబట్టే అది సాధ్యమైంది. వాళ్ల నాయకుడు డిక్ వింటర్స్ 2011 జనవరిలో పోయాడు.

అదే నిర్మాతలు 2010లో తీసిన ‘ద పసిఫిక్’ చూడటానికి ఇంకా కష్టం. కానీ దాని చివరి భాగాన్ని మన ఊళ్లలో యుద్ధం ఎరిగిన ప్రతి ఇంట్లోనూ చూడాలి. జపాన్ వాళ్లతో పోరాడి ఇంటికొచ్చిన యూజీన్ స్లెడ్జ్ తండ్రితో కలిసి పక్షుల వేటకు బయల్దేరతాడు. నాలుగడుగులు వేసి కూలబడి ఏడుస్తాడు, ఇక తుపాకీ పట్టలేనంటాడు. తండ్రి కొడుకును దగ్గరకు తీసుకుంటాడు. ఇరాక్ మీద తీసిన ‘జనరేషన్ కిల్’ ఏడు భాగాలు. నేపథ్య సంగీతం పెట్టలేదు. ఇప్పుడు భయపడండి, ఇప్పుడు ఏడవండి అని చెప్పే వాయిద్యం లేకపోతే యుద్ధం ఎలా వినిపిస్తుందో తెలుసుకోవడానికైనా చూడండి. జర్మన్లు 2013లో తమ తాతల తరం మీద తీసుకున్న మూడు భాగాల కథ కూడా మంచిదే. పోలండ్ వాళ్లు దాన్ని తప్పుపట్టారు, ఆ మాటలో న్యాయం ఉంది.

మన దేశంలో కబీర్ ఖాన్ 2020లో తీసిన ‘ద ఫర్గాటెన్ ఆర్మీ’ ఆజాద్ హింద్ ఫౌజు కథ, ఐదు భాగాలు. మలయా తోటల్లో కూలి చేసిన దక్షిణాదివాళ్లు పెద్దసంఖ్యలో ఆ సైన్యంలో చేరారు. సిరీస్‌లో పాటలు, ప్రేమ కాస్త ఎక్కువయ్యాయి. దీనికి ఇరవై ఏళ్ల ముందు ఇదే దర్శకుడు ఆ ఫౌజులో చేసిన కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌ను వెంటబెట్టుకుని, ఆ సైన్యం నడిచిన దారిలో తిరిగి డాక్యుమెంటరీ తీశాడు. ఆ పాత పనే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇక మా గడ్చిరోలి. జీ5లో 2020లో ‘నక్సల్బరి’ అని హిందీ సిరీస్ వచ్చింది. కథ గడ్చిరోలిలోదే, హీరో ప్రత్యేక దళం అధికారి. వేగంగా నడుస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవిలోకి నడిస్తే గోండీ, మాడియా మాట్లాడే మా సరిహద్దు చప్పుడు మాత్రం నాకు అందులో వినపడలేదు.

ఈ నేలలో కథకు కరువా? 1858లో మోలంపల్లి గోండు జమీందారు బాబురావు షెడ్మాకె ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డాడు. ఆ ఏడాది ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర తంతి తీగల పనివాళ్ల మకాం మీద దాడి జరిగింది. మకాంలో ఉన్న గార్ట్‌లాండ్, హాల్ చనిపోయారు, పీటర్ అనేవాడు తప్పించుకున్నాడు. చివరికి అహేరి జమీందారిణి లక్ష్మీబాయి బాబురావును పట్టించింది. అక్టోబరు 21న చాందాలో ఉరితీశారు. నది, తంతి తీగ, అడవి, అయినవాళ్ల చేతిలో ద్రోహం: ఆరు భాగాలకు సరిపోయే కథ ఇక్కడుంది. 2009లో ఆయన పేరిట తపాలా బిళ్ల వేశారు. అయినా గోదావరికి అవతలి తెలుగువాళ్లలో ఎందరికి తెలుసు?

బాబురావును చూసినవాళ్లు ఇప్పుడు లేరు. ఆ తర్వాత ఈ అడవిలో జరిగిన యుద్ధాన్ని చూసినవాళ్లు ఉన్నారు. 1980లో నక్సలైట్ల పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి మా తాలూకాలోకి వచ్చాయి. ఆ నవంబరులోనే బెల్లంపల్లి కుర్రాడు పెద్ది శంకర్ సిరోంచ ప్రాంతంలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. తునికాకు కట్ట ధర, పేపరు మిల్లు వెదురు కూలి పెంచాలని మొదలైన కథ అది. 1990లో సీ-60 పోలీసు కమాండోలు వచ్చారు. వాళ్లూ ఈ జిల్లా పిల్లలే. 2018 ఏప్రిల్‌లో పోలీసు కాల్పులు జరిగిన రెండు రోజులకు కూడా ఇంద్రావతి నీళ్లలో దళం పిల్లల శవాలు తేలాయి. ఏడాది తిరిగేసరికి, 2019 మే 1న జాంబుల్‌ఖేడా దగ్గర మందుపాతర పేలి పదిహేను మంది పోలీసులు, వాళ్ల బండి డ్రైవరు పోయారు. 2025 అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో కలిసి గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు.

దీన్ని యుద్ధమనవచ్చా అని కొందరు అడుగుతారు. సర్కారు ఒక పేరు పెట్టింది, అడవిలోవాళ్లు ఇంకో పేరు పెట్టారు. పగలు పోలీసులొచ్చి “రాత్రి వాళ్లకు అన్నం పెట్టినవా” అని అడిగితే, రాత్రి అన్నలొచ్చి “పగలు వాళ్లకు ఏం చెప్పినవ్” అని అడిగితే, రెండు పూటలా ఒకే గిన్నె ముందు కూర్చుని జవాబు వెతుక్కున్న తల్లికి ఏ పేరైనా ఒకటే. ఆ తల్లిని ఇంతవరకు ఏ సిరీస్‌లోనూ నేను చూడలేదు.

సిరీస్ తీసేవాళ్లు ఎప్పుడో వస్తారు. అంతకుముందు చేయాల్సిన పని మనది. దళంలోకి పోయి వచ్చినవాళ్లు, సీ-60లో చేసినవాళ్లు, ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, ఎన్‌కౌంటర్‌లో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు పక్కన కూర్చోండి. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. తెలుగైనా, మరాఠీ అయినా, గోండీ అయినా వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. పేర్లు మాత్రం బయటపెట్టకండి. ఇక్కడ పేరు బయటపడితే ఇప్పటికీ ప్రమాదమే. వాళ్లు సరే అన్న రోజున, ఆ పది భాగాల కథలో లాగే, చివర వేయవచ్చు.

మామకు ఇప్పుడు 69. ఆ మంచం మోసిన ఇద్దరిలో ఒకాయన ఇంకా ఉన్నాడని తెలిసింది. వానలు తగ్గాక ఇద్దరం ఆ ఊరికి పోతున్నాం.