ఒప్పందం ఎవరిది, స్వేచ్ఛ ఎవరిది? (పాతబస్తీ ముచ్చట్లు - 14)



మొన్న శాలిబండ ఇరానీ హోటల్‌ల ఇద్దరు దోస్తులు కొట్టుకునేదాకా పోయిండ్రు. ఇద్దరూ మనోళ్లే, ఇద్దరూ లిబర్టేరియన్లమనే చెప్పుకుంటరు. సర్కారు పక్కకు జరిగితే మార్కెట్టే కులాన్ని కడిగేస్తదని ఇద్దరి నమ్మకం. లొల్లి వచ్చింది ఇజ్రాయెల్ పనుల మీద.

2023 మేలో భారత్, ఇజ్రాయెల్ సర్కార్లు 42,000 మంది పనోళ్ల కోసం ఒప్పందం చేసుకున్నయి. అండ్ల 34,000 మంది బిల్డింగు పనికే. ఆ అక్టోబర్‌ల యుద్ధం మొదలైనంక ఇజ్రాయెల్ వేలాది పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. 2024 మేలో మూసీ అవతల మల్లేపల్లి ఐటీఐల సెంట్రింగ్, రాడ్‌బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనోళ్లను ఎంపిక చేసిండ్రు. నెలకు లక్షకు పైన జీతం. మా గల్లీ పిల్లగాడొకడు కూడా ఆ లైన్‌ల నిలబడ్డడు.

ఒక దోస్తు అంటడు: "ఇష్టమున్నోడు పోతడు. మధ్యల నీకేంది? పాలస్తీనా మన లొల్లి కాదు." ఇంకో దోస్తు: "సర్కారు చేసే జబర్దస్తీలల్ల యుద్ధమే పెద్దది. దానికి కూలీలను పంపుడు లిబర్టేరియన్ పనెట్లయితది?"

ఈ పంచాయితీ ప్రపంచమంతా ఉన్నదే. రాన్ పాల్ 2002ల ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేసిండు. అర్జెంటీనా అధ్యక్షుడు మిలే అదే సిద్ధాంతం పేరు చెప్పి ఇజ్రాయెల్‌ను నెత్తిన పెట్టుకుంటడు. 2024 మేలో ట్రంప్ అమెరికా లిబర్టేరియన్ పార్టీ మహాసభకు పోయి ఓట్లడిగితే సభల చాలామంది కేకలేసిండ్రు. ఆ సభ ఛేజ్ ఆలివర్‌ను అభ్యర్థిగా నిలబెడితే పార్టీ అంతా ఆయన వెనక నిలబడలే.

మొదటి దోస్తూ, రెండు సర్కార్లు కుదిర్చిన బేరం, సర్కారు ఐటీఐల పరీక్ష. ఇండ్ల నీ స్వేచ్ఛా మార్కెట్ ఏడుందన్నా? పాలస్తీనా మేస్త్రీ కూడా ఇష్టపడే పనికి పోయిండు కదా. ఆయన పనిని ఆపింది తుపాకి పట్టిన రాజ్యమే. ఆయన ఖాళీ చేసిన పరంజా మీద మనోణ్ని ఎక్కించి, మన లొల్లి కాదంటే ఎట్ల?

రెండో దోస్తూ, నువ్వు చెప్పింది నిజమే. కానీ యుద్ధమొక్కటే జబర్దస్తీనా? ఆ లైన్‌లకు పిల్లగాణ్ని తోసింది భూమి లేకపోవుడు, మిత్తీల అప్పు. బాబాసాహెబ్ 1947ల 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'ల ఇదే వాదించిండు: రాజ్యం తప్పుకుంటే ఆ జాగల పేదోడు రాజు కాడు, యజమాని కూసుంటడు. ఇది ఒప్పుకోకుండ యుద్ధాన్ని తిడితే సగం మాటే.

ఇగ ఓటు ముచ్చట. 2024 జూన్ 25న మా ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ లోక్‌సభల ప్రమాణం చేసినంక జై భీమ్, జై పాలస్తీనా అన్నడు. ఆ మాటకే ఓటెయ్యనని ఒకడు, ఆ మాటకే ఏస్తనని ఇంకొకడు. నినాదం కాడనే ఆగితిరి. ఏ పార్టీ అభ్యర్థి గల్లీకొచ్చినా రెండూ అడుగుండ్రి. కూలీలను యుద్ధం నడిచే దేశానికి పంపే ఒప్పందం మీద నువ్వేమంటవ్? ఆ లైన్‌ల నిలబడకుండ ఈడ మా పిల్లలకు ఏం పని చూపిస్తవ్?

పోయేటోణ్ని నేను తప్పు పట్ట. వాని ఇంట్ల అప్పు నేను కట్టలేదు. కానీ వాని ఆకలిని చూపెట్టి దానికి స్వేచ్ఛ అని పేరు పెడితే మాత్రం ఊకోను.

జై భీమ్.