నేను ప్లేయర్ టూ నట!

విమానం మైళ్లు, క్రెడిట్ కార్డు పాయింట్లు కూడబెట్టేవాళ్లకి కూడా సభలుంటాయని మీలో ఎంతమందికి తెలుసు? అమెరికాలో ఉంటాయండీ. ఎయిర్‌పోర్ట్ పక్కన ఏదో ఒక హోటల్లో, శని ఆదివారాలు, డబ్బు కట్టి మరీ వెళ్లాలి. మొన్న అక్టోబరులో షికాగో దగ్గర జరిగినదానికి మావారు నన్నూ తీసుకెళ్లారు. పిల్లల్ని స్నేహితుల ఇంట్లో దింపి, బ్లూమింగ్టన్ నుంచి రెండున్నర గంటలు కార్లో వెళ్లాం. విమానాల సభకి కార్లో వెళ్లడమేమిటని నేనంటే ఆయన నవ్వలేదు.

హాల్లో రెండొందల మంది ఉంటారేమో. ముప్పావు వంతు మగవాళ్లే. మన తెలుగువాళ్ల సభల్లో పలకరింపు "మీదే ఊరు, పిల్లలేం చదువుతున్నారు" అని మొదలవుతుంది. ఇక్కడ "మీకెన్ని కార్డులు" అని. ముప్పై రెండు అన్నాడొకాయన, బీరువాలో బంగారం గురించి చెప్పేటప్పుడు తగ్గించినట్టు గొంతు తగ్గించి. ఒక పెద్ద బ్యాంకు, 24 నెలల్లో 5 కొత్త కార్డులు తీసుకున్నవాళ్లకి ఇంకోటి ఇవ్వదట. ఎవరి లెక్క ఎంతలో ఉందో వాళ్లు చెప్పుకుంటుంటే పంతులుగారు నక్షత్రం, పాదం అడుగుతున్నట్టే ఉంది.

వీళ్లకీ పురాణాలున్నాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ల పథకం మొదలుపెట్టడం ఆదిపర్వం. ఆ తర్వాత అందరూ చెప్పుకునేది పుడ్డింగు కథ. 1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు, పుడ్డింగు కప్పుల లేబుళ్లు పంపితే మైళ్లిస్తారని చూసి, 3,140 డాలర్లు పెట్టి 12,150 కప్పులు కొన్నాడు. పన్నెండున్నర లక్షల మైళ్లు వచ్చాయి. అది చెప్పగానే హాలంతా చప్పట్లు. నాకు మాత్రం పన్నెండు వేల లేబుళ్లు ఎవరు వలిచారా అన్నదే పట్టుకుంది. అడిగితే చెప్పారు: సాల్వేషన్ ఆర్మీ అనే ధర్మసంస్థకి ఆ పుడ్డింగంతా ఇచ్చేశాడట, బదులుగా వాళ్ల కార్యకర్తలు కూర్చుని వలిచిపెట్టారట.

ఇంకో కథ టంకశాలది. డాలరు నాణేలు జనంలో తిరగాలని ప్రభుత్వం వాటిని ముఖవిలువకే, పోస్టు ఖర్చు కూడా లేకుండా ఇంటికి పంపేది. వీళ్లు కార్డు మీద నాణేలు తెప్పించి, తిన్నగా బ్యాంకులో జమ చేసి, ఆ డబ్బుతోనే కార్డు బాకీ కట్టేసేవారు. మైళ్లు మిగిలేవి. 2011 జులైలో టంకశాల కార్డులు తీసుకోవడం ఆపేసింది. ఆ సంగతి చెబుతుంటే కొందరి మొహాల్లో నిజంగానే దిగులు కనిపించింది.

నాకు ఇదంతా కొత్తగా అనిపించలేదు. మా తెనాలిలో పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చే ఆమె వచ్చేది. అమ్మ రెండు జరీ చీరలు, నాన్నగారి ప్యాంట్లు ముందు పెట్టుకుని గంటసేపు బేరమాడేది. చివరికి ఒక మూతగిన్నె, పైన ఒక గరిటె. అమ్మ గెలిచినట్టే ఉండేది కానీ, ఆ గంప నెత్తిన పెట్టుకున్న మనిషి నష్టానికి ఎందుకు తిరుగుతుంది? ఈ బ్యాంకులూ అంతే. బాకీ పూర్తిగా కట్టలేక 20 శాతం పైన వడ్డీ కట్టేవాళ్లు ఉన్నారు, ప్రతి కార్డు గీకుడికీ రుసుము ఇచ్చుకునే కొట్లవాళ్లు ఉన్నారు. మన ఉచిత టికెట్ అక్కడి నుంచి వస్తోంది. రెండు రోజుల్లో ఈ మాట ఒక్కరే ఎత్తారు, అదీ మధ్యాహ్నం భోజనాల ముందు, ఎవరూ వినని టైములో.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ లోకంలో మొగుడూ పెళ్లాల్ని ప్లేయర్ వన్, ప్లేయర్ టూ అంటారు. ఇంట్లో పాయింట్ల పిచ్చి ఉన్నవాళ్లు ఒకటో ఆటగాడు. వాళ్లు చెప్పిన చోట సంతకం పెట్టేవాళ్లు రెండో ఆటగాడు. బి.ఏ. తెలుగులో నేను చదువుకున్న వ్యాకరణంలో "నేను" అంటే ఉత్తమ పురుష. ఇక్కడ నేను ప్లేయర్ టూ నట! "మీ ప్లేయర్ టూ ని ఒప్పించడం ఎలా" అని ఒక ఉపన్యాసమే పెట్టారు. మూడు నెలల్లో 4,000 డాలర్లు ఖర్చుపెడితే 60 వేల పాయింట్లిచ్చే కార్డు ముందు భర్త తీసుకోవాలి. తర్వాత ఆయన సిఫారసు లింకు మీద భార్య తీసుకోవాలి. అప్పుడు భార్యకి 60 వేలు, ఆమెని చేర్పించినందుకు భర్తకి విడిగా బోనస్. నన్ను చేర్పించినందుకు కూడా ఈయనకి బోనస్ వచ్చిందని నాకు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలిసింది. పక్కకి చూస్తే మావారు శ్రద్ధగా నోట్సు రాసుకుంటున్నారు.

ఆ 4,000 డాలర్ల ఖర్చు ఎవరు పెడతారు? బియ్యం, పప్పులు, కూరలు, పిల్లల బూట్లు, పియానో ఫీజు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. కాస్ట్‌కోలో వీసా తప్ప వేరే కార్డు తీసుకోరనీ, సూపర్ మార్కెట్లో నాలుగింతలు పాయింట్లిచ్చే కార్డు అలాంటి పెద్ద గోడౌను కొట్లలో ఇవ్వదనీ గుర్తుపెట్టుకునేది నేను. మార్కరు పెన్నుతో కార్డుల మీద "కూరలు", "పెట్రోలు", "బయటి తిండి" అని తెలుగులో రాసుకున్నాను. దుకాణంలో అమ్మాయి అదేం భాష అని అడిగింది కూడా. ఇంత చేశాక, మాల్దీవులకి బిజినెస్ క్లాసులో "తీసుకెళ్తున్నాను" అని ఆయన స్నేహితులతో అంటే, అత్త సొమ్ము అల్లుడు దానం అన్న సామెత గుర్తుకొస్తుందా రాదా మీరే చెప్పండి.

ఈ దేశంలో ఆడవాళ్లకి తమ పేరు మీద అప్పు పుట్టడానికి చట్టం రావడమే 1974లో. ఉద్యోగం లేని గృహిణి, తనకి అందుబాటులో ఉన్న భర్త జీతం చూపించి సొంతంగా కార్డు తీసుకోవచ్చని నిబంధన సవరించింది 2013లో. 21 ఏళ్లు నిండితే చాలు. కాబట్టి నా పేరు మీది కార్డు నాది, నా క్రెడిట్ స్కోరు నాది. బిల్లు ఆలస్యమైతే పడే మచ్చ కూడా నాదే. మరి పాస్‌వర్డులు ఆయన ఫోన్లో మాత్రమే ఎందుకుండాలి? ఇది మావారి మీద ఫిర్యాదు కాదండోయ్. ఆయన ఒక్క బిల్లూ ఆలస్యం చేయలేదు. కానీ ఆ హాల్లో చాలామంది భార్యలకి తమ పేరు మీద ఎన్ని కార్డులున్నాయో తెలియదని జోకులేసి నవ్వుకున్నారు. నవ్వే విషయం కాదు.

పాయింట్లు దాచుకుంటే బంగారంలా పడుంటాయనుకునేవాళ్లకి ఇంకో మాట. కంపెనీల షరతులు చదివితే అవి మన ఆస్తి కాదని రాసుంటుంది. ఎప్పుడైనా మార్చొచ్చు, ఖాతా మూసేయొచ్చు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు దాకా ఒక కేసు వెళ్లింది. మాటిమాటికీ ఫిర్యాదులు చేస్తున్నాడని నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఒక యూదు పురోహితుణ్ణి పథకం నుంచి తీసేసింది. న్యాయంగా వ్యవహరించలేదని ఆయన వేసిన దావా చెల్లదని న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా తేల్చారు. అందుకే మురగబెట్టకుండా వాడేయాలని వక్తలంతా చెప్పారు. వాడేయాలి, సరే. దేనికి?

రెండో రోజు కాఫీ దగ్గర ఒక పెద్దావిడ కలిసింది. రిటైరైన నర్సు, ఒంటరిగా వచ్చింది. ఆవిడకి బిజినెస్ క్లాసూ వద్దు, షాంపేనూ వద్దు. కూతురు ఆస్ట్రేలియాలో ఉంది. "ఫోన్ వస్తే మర్నాడు బయల్దేరడానికి సరిపడా ఎప్పుడూ పక్కన పెట్టుకుంటాను" అంది. ప్రయాణం ముందుకొచ్చేకొద్దీ డబ్బు పెట్టి కొనే టికెట్ ధర కొండెక్కుతుంది, కానీ అమ్ముడుపోని సీట్లని కొన్ని కంపెనీలు చివరి రోజుల్లోనే పాయింట్లకి వదులుతాయి. అన్నిసార్లూ దొరకదు. దొరికితే మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఇక్కడి పెద్ద కంపెనీల్లో పాయింట్ల టికెట్ రద్దు చేసుకుంటే పాయింట్లు తిరిగి ఖాతాలో పడతాయి కూడా. అంటే ఆసుపత్రిలో ఉన్నవాళ్లు దేవుడి దయవల్ల కోలుకుంటే టికెట్ వృథా కాదు. కార్డు పాయింట్లు ఒకసారి విమాన కంపెనీకి మార్చితే వెనక్కి రావనీ, సీటు కనిపించాకే మార్చాలనీ ఆవిడే విడమరిచి చెప్పింది. రెండు రోజుల ఉపన్యాసాలకంటే ఆ పది నిమిషాలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

నాన్నగారు పోయినప్పుడు మర్నాటి టికెట్‌కి మామూలు కంటే మూడింతలు పెట్టి, రెండు చోట్ల విమానం మారి వెళ్లాను. అప్పటికి మా ఇంట్లో ఈ కార్డుల గొడవ లేదు. తెనాలి చేరేసరికి అన్నీ అయిపోయాయి. అమ్మకిప్పుడు డెబ్బై నాలుగు.

తిరుగు ప్రయాణంలో కార్లోనే మాట్లాడుకున్నాం. నా పేరు మీది ఖాతాల పాస్‌వర్డులు మార్చి నా డైరీలో రాసుకున్నాను, ఆయనకీ చెప్పాను. తెనాలి వెళ్లి రావడానికి ఇప్పటి లెక్కల్లో లక్షన్నర పాయింట్లు సరిపోతాయని తేలింది. అవి నా ఖాతాలో ఉంటాయి, ఎవరూ ముట్టుకోకూడదు. కంపెనీలు రేటు పెంచితే లక్షన్నర రెండు లక్షలవుతుంది. ఆయన ముందు "మరి మాల్దీవులు?" అన్నారు. మిగిలినవాటితో ఎన్నేళ్లకి తేలుతుందో ప్లేయర్ వన్ నే లెక్క కట్టుకోమన్నాను.