చేతి సంచిలో చేతిపని విలువ



క్రిస్మసు నెల దగ్గరపడిందంటే మన ఇళ్లలో కొత్త బట్టలతోపాటు కొత్త చేతి సంచి మాట కూడా వస్తుంది. కాలేజీకి వెళ్లే అమ్మాయికి ఒకటి కావాలి. ఆదివారం బైబిలు, కీర్తనల పుస్తకం పెట్టుకొని గుడికి వెళ్లే తల్లికి ఒకటి కావాలి. బజారులో నున్నగా మెరిసే రెగ్జిను సంచులు వేలాడుతూ ఉంటాయి. కొన్ననాడు బాగానే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి పైపొర పొలుసులుగా ఊడి, జిప్పు తెగి, చివరకు కాలువ గట్టున పడుతుంది. అది మట్టిలో కలవదు, కాలిస్తే పొగ మంచిది కాదు. అందుకని ఈ నెల మన చేతులతో చేసుకోగలిగిన, మన ప్రాంతానికి పేరు తెచ్చిన చేతి సంచిని గూర్చి ఆలోచిద్దాం.

సంచి చిన్న వస్తువే గాని, దేవుని వాక్యంలో దాని మాట చాలాసార్లు వస్తుంది. కష్టపడి సంపాదించిన కూలి చిల్లుల సంచిలో వేసినట్లు జారిపోతున్నదని హగ్గయి ప్రవక్త తన ప్రజలతో చెప్పాడు (హగ్గయి 1:6). కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఒక రాయి సంచిలో పెట్టుకోవద్దని ధర్మశాస్త్రం హెచ్చరించింది (ద్వితీయోపదేశకాండము 25:13). శిష్యుల డబ్బు సంచి యూదా దగ్గర ఉండేదనీ, అతడు అందులోనుండి దొంగిలించేవాడనీ యోహాను వ్రాశాడు (యోహాను 12:6). సంచి పైకి ఎలా ఉన్నదన్నది ఒక సంగతి. దానిలోకి ఏది ఎలా వచ్చిందన్నది మరొక సంగతి. ఈ రెండూ మనం చూడాలి.

మన డెల్టా సొత్తు

చేతి అల్లిక సంచి అనగానే మన ప్రాంతంలో మొదట గుర్తుకు వచ్చేది నరసాపురం లేసు. సన్నని నూలు దారం, కొన వంగిన చిన్న సూది, ఓపిక గల చెయ్యి, ఇవే దానికి పెట్టుబడి. ఈ పని పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలంలో మిషనెరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చింది. స్కాట్లాండు నుండి వచ్చిన మెక్రే దంపతులు దుమ్ముగూడెంలో స్త్రీలకు దీనిని నేర్పారని చెప్పుకుంటారు. నరసాపురంలో అప్పటికే సువార్త పని ఆరంభమైంది. బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనెరీలు 1836లో ఇండియాకు వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషనుకు అదే పునాది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లోగాని ఆరంభం కాలేదు గనుక, అవి కాలువ నీరు లేని కరువు రోజులు. భూమి లేని పేద క్రైస్తవ స్త్రీలకు ఇంటిపట్టున నాలుగు డబ్బులు రావాలన్నదే ఈ పని నేర్పినవారి ఉద్దేశం. తరువాత ఇది సంఘాల ఎల్లలు దాటి ఇతర కులాల, మతాల ఇళ్లలోకి కూడా వెళ్లింది. నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం ప్రాంతాలలో అరుగుల మీద కూర్చుని అల్లే స్త్రీలు ఈనాటికీ ఉన్నారు. 2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ పేరు పెట్టి అమ్మే సరుకు ఈ ప్రాంతంలో తయారైనదే కావాలి.

లేసుతో బల్లగుడ్డలు, దిండు గలీబులు చేయడం మనకు తెలుసు. అదే పూల అల్లిక చేతి సంచికి కూడా చక్కగా సరిపోతుంది.

చేసే విధానం

లేసు అంటేనే చిల్లులు. వట్టి లేసుతో సంచి చేస్తే చిల్లర, కలము, తాళంచెవి జారిపోతాయి. కాబట్టి లోపలి గుడ్డ గట్టిది కావాలి. మందపాటి చేనేత నూలు గుడ్డ 14 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల పొడవు తీసుకోండి. ముందుగా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. ఇలా చేయకపోతే సంచి కుట్టిన తరువాత గుడ్డ ముడుచుకొని లేసు వంకరపోతుంది. ఆరిన గుడ్డను పొడవులో సగానికి మడచి, రెండు ప్రక్కలా అర అంగుళం వదలి కుట్టండి. మూతి దగ్గర ఒకటిన్నర అంగుళం లోపలికి మడచి కుట్టండి. 13 అంగుళాల వెడల్పు, 14న్నర అంగుళాల ఎత్తు గల సంచి వస్తుంది. బైబిలు, కీర్తనల పుస్తకం, కళ్లజోడు అందులో హాయిగా పడతాయి.

పిడులకు 4 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు గల ముక్కలు రెండు కత్తిరించండి. ఒక్కొక్కటి నాలుగు మడతలు వేస్తే అంగుళం పట్టీ అవుతుంది. సంచి అంచు నుండి 3 అంగుళాలు లోపలికి పెట్టి, చదరంగా కుట్టి, ఆ చదరంలో అడ్డంగా గుణకారపు గుర్తులాగా మరొక కుట్టు వేయండి. బరువు పడేది అక్కడే.

ఇక లేసు. 4 అంగుళాల చదరపు పువ్వులు తొమ్మిది అల్లి, వరుసకు మూడు చొప్పున అతికితే 12 అంగుళాల చదరం తయారవుతుంది. దానిని సంచి ముందుభాగాన చేత్తోనే చుట్టూ కుట్టండి. మిషను కుట్టు వద్దు. చేతి కుట్టయితే ఉతికేటప్పుడు విప్పుకోవచ్చు, లోపలి గుడ్డ చిరిగితే లేసును మరో సంచికి మార్చుకోవచ్చు. ముదురు గుడ్డమీద తెల్ల లేసు బాగా కనబడుతుంది. ఉతికిన తరువాత పలుచని గంజి పెట్టి, బల్లమీద పరచి, పువ్వుల కొసలు సాగదీసి నీడలో ఆరబెట్టండి. చాలాకాలం పెట్టెలో దాచేటట్లయితే మాత్రం గంజి లేకుండా ఉతికి దాచాలి. గంజికి పురుగు చేరుతుంది.

లేసు పని రానివారు విచారపడనక్కరలేదు. మన చుట్టూ దేవుడిచ్చిన నార ఎంతో ఉంది. రావులపాలెం చుట్టుప్రక్కల గెల నరికిన తరువాత పారవేసే అరటి బోదెల డొప్పలను గీకితే మెరిసే నార వస్తుంది. లేత తాటాకు చీల్చి, ఆరబెట్టి అల్లిన బుట్ట మన నాయనమ్మలకు తెలిసినదే. కాలువలను కమ్మే గుర్రపుడెక్క కాడలను కూడా ఎండబెట్టి, జడలుగా పేని సంచులు చేస్తారు. అస్సాంలో ఇది స్త్రీలకు జీవనాధారంగా ఉంది. అయితే కాడ లోపలిదాకా ఎండాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. అందుకే ఈ పనిని ఎండాకాలానికి పెట్టుకోవాలి.

ఎంచుకునేటప్పుడు

కొనేవారు నాలుగు సంగతులు చూడండి. మొదటిది, సంచి లోపలివైపు తిప్పి కుట్లు చూడాలి. పైన అందంగా ఉండి లోపల దారాలు వేలాడితే అది నిలవదు. రెండవది, పిడి పట్టి గట్టిగా లాగి చూడాలి. మూడవది, తడిచేతి గుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి. లేకపోతే తెల్లచీర పాడవుతుంది. నాల్గవది, లేసు చేతిదా యంత్రానిదా అని అడగాలి. యంత్రం లేసులాంటి గుడ్డను నేస్తుంది గాని, కొక్కెపు సూదితో ముడి మీద ముడి వేస్తూ వెళ్లే ఈ అల్లికను అచ్చంగా చేయలేదు. కనుక చేతి లేసు సంచి మరీ చవకగా దొరికినప్పుడు సంతోషించేముందు ఒక్కక్షణం ఆగాలి. దానిని ఎక్కడో ఒక స్త్రీ గంటల తరబడి కూర్చుని అల్లి ఉండాలి. ఆ తగ్గిన ధర ఎవరి కూలిలోనుండి తగ్గింది?

ఎవరి కష్టం, ఎవరి సంచి

ఈ ప్రశ్న కొత్తది కాదు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల జీవితాలను పరిశోధించి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ స్త్రీలు ఇంటి చాకిరీ కాక రోజుకు 6 నుండి 8 గంటలు లేసు పని చేసేవారని ఆమె గమనించారు. ఒకరు పువ్వులు అల్లే చేతిపని చేస్తే, మరొకరు వాటిని అతికే అతుకుపని చేసేవారు. మధ్యవారు దారం ఇచ్చి, అల్లినది పట్టుకుపోయేవారు. సరుకు సముద్రాలు దాటి వెళ్లేది. చేసిన స్త్రీకి మాత్రం పొలం కూలి కంటే ఎంతో తక్కువ ముట్టేది. దానికి కారణం ఆమె వ్రాసిన మాటలోనే ఉంది. వీరిని పనివారని ఎవరూ ఎంచలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చుని పొద్దుపోక అల్లుకునే గృహిణులని లెక్క కట్టారు. ఖాళీ సమయానికి కూలి ఏమిటి అన్నారు.

పేదలకు మేలు చేయాలని విశ్వాసులు నాటిన మొక్క ఇది. దాని ఫలం నాటినవారు కోరినచోటికి చేరకపోతే ఆ సంగతి సంఘానికి పట్టాలి. కూలివాని జీతము ప్రొద్దుగుంకకముందే ఇవ్వవలెనని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీయోపదేశకాండము 24:14, 15). బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబు వ్రాశాడు (యాకోబు 5:4). ఇది పొలం యజమానులకే గాని సంచి కొనే మనకు కాదని ఎలా అనగలం?

కనుక మన స్త్రీల సమాజాలు ధర కట్టే పద్ధతి నేర్చుకోవాలి. పైన చెప్పిన సంచినే తీసుకుందాం. ఒక్కో పువ్వుకు 40 నిమిషాలు పడితే తొమ్మిదింటికి 6 గంటలు. అతుకుపనికి 2 గంటలు. గుడ్డ కుట్టి లేసు వేయడానికి 2 గంటలు. మొత్తం 10 గంటలు. మీ ఊరిలో ఊడ్పులకు 8 గంటలకు ఆడకూలి 400 రూపాయలనుకుంటే, 10 గంటలకు 500 రూపాయలు. దారానికి, గుడ్డకు 150 వేసుకుంటే 650 రూపాయలు. ఇందులో ఇంకా అమ్మినవారి లాభం లేదు. "అమ్మో, సంచికి అంతా?" అని మనకే అనిపిస్తుంది. కాని ఆ లెక్కలో ఏ గంట తీసివేయమంటాం? నడుము నొప్పితో కూర్చున్న గంటనా, చాలని వెలుతురులో కళ్లు చికిలించి అల్లిన గంటనా?

అంత ధర పెట్టలేని కుటుంబాలు మన సంఘాలలో ఎక్కువే. వారు సిగ్గుపడవలసినది ఏమీ లేదు. పాత నూలు చీర అంచుతో, లేసు లేకుండా, ఇదే కొలతతో సంచి కుట్టుకోవచ్చు. లేసు కావాలంటే తొమ్మిది పువ్వులకు బదులు ఒకే పువ్వు మధ్యలో వేయించుకోవచ్చు. సంచి చిన్నదవుతుంది గాని కూలి తగ్గదు. బేరం ఆడి పూర్తి సంచి తెచ్చుకోవడం కంటే, తగిన కూలి ఇచ్చి ఒక్క పువ్వు వేయించుకోవడం మేలని మా మనవి.

సంఘ కాపరులకు, స్త్రీల సమాజం పెద్దలకు కూడా ఒక మాట. మీ ఊరిలో లేసు అల్లే విధవరాండ్రు, ఒంటరి తల్లులు ఎవరెవరో ఒక కాగితం మీద వ్రాయండి. పండుగ అమ్మకానికి వారిచేత నేరుగా అల్లించండి. దారం డబ్బు ముందుగా ఇవ్వండి, కూలి పని ముగిసిన రోజునే ఇవ్వండి. సంచి లోపల ఒక చిన్న చీటీ మీద పట్టిన గంటలు, ఇచ్చిన కూలి వ్రాసి పెట్టండి. 2022 జూలై 1 నుండి దేశమంతటా ఒకసారి వాడి పారవేసే ప్లాస్టికు వస్తువులు కొన్నింటిని నిషేధించారు. పలుచని ప్లాస్టికు సంచులు కూడా చట్టానికి విరుద్ధమే. గుడ్డ సంచి అవసరం ఇప్పుడు ప్రతి ఇంటికీ ఉంది. ఆ అవసరం మన పొరుగింటి సహోదరికి అన్నం పెట్టవచ్చు.

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన వస్త్రాలను పేతురుకు చూపించారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో చదువుతాం. ఆ వస్త్రాల అందం ఎలాంటిదో అక్కడ వ్రాయబడలేదు. వాటిని ఎవరు చూపించారో వ్రాయబడింది. మన చేతిపని కూడా అలాంటి సాక్ష్యం కలిగినదిగా ఉండునట్లు ప్రభువు మన చేతులను దీవించును గాక. ఆమేన్.