'సర్వర్ స్లో' అంటే సరిపోదు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో ఏ ఆసుపత్రికి వెళ్ళినా, ఏ ల్యాబుకు వెళ్ళినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినక తప్పదు: "కొంచెం ఆగండమ్మా, సర్వర్ స్లోగా ఉంది." పరగడుపున రక్తపరీక్షకు వచ్చిన షుగరు రోగి, చంటిబిడ్డను ఎత్తుకొని నిలబడ్డ తల్లి, ఊరికి వెళ్ళే బస్సు వేళ చూసుకుంటున్న పెద్దాయన, అందరూ ఆ మాట విని ఊరుకుంటారు. ఇందులో ఎవరూ చేయగలిగిందేమీ లేదని అనుకుంటారు. మా అభిప్రాయం వేరు. కంప్యూటర్ల మధ్య సమాచారం నెమ్మదిగా నడవడం కూడా ఒక జబ్బు వంటిదే. దానికి కారణం ఉంటుంది. వెదికితే దొరుకుతుంది.

ఇది ఆఫీసు వాళ్ళ గొడవ, రోగికేం సంబంధం అని కొందరు అడగవచ్చు. సంబంధం చాలా ఉంది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుండి ఆపరేషను అనుమతి కోసం పంపే కాగితాలు, ఫొటోలు కంప్యూటరు ద్వారానే వెళుతున్నాయి. సి.టి. స్కానులో ఒక్కొక్క చిత్రం సుమారు అర మెగాబైటు. 400 చిత్రాలుంటే 200 మెగాబైట్లు. సెకనుకు 11 మెగాబైట్ల వేగంతో అవి 20 సెకన్ల లోపే డాక్టరు గారి గదికి చేరతాయి. వేగం సెకనుకు 1 మెగాబైటుకు పడిపోతే మూడు నిమిషాలు దాటుతుంది. పక్షవాతం వచ్చిన రోగికి గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, స్కాను చూడకుండా ఇవ్వకూడదు. అలాంటి చోట ప్రతి నిమిషం విలువైనదే.

మరి నెమ్మదించినప్పుడు చాలా ఆఫీసుల్లో ఏం చేస్తున్నారు? కొత్త కంప్యూటర్లు కొంటున్నారు, లేదా ఇంటర్నెట్ ప్లాను పెంచుతున్నారు. నాడి చూడకుండా ఖరీదైన టానిక్ రాసినట్లే ఇది. మిషన్ ఆసుపత్రులలో ఖర్చయ్యే ప్రతి రూపాయి రోగులు కట్టిందో, దాతలు ఇచ్చిందో అయి ఉంటుంది. కనుక ముందు పరీక్ష, తరువాతే మందు.

పరీక్ష కష్టమేమీ కాదు. మొదట అడగవలసిన ప్రశ్నలు మూడు. ఒక్క కంప్యూటరుకే ఈ ఇబ్బందా, అన్నిటికీనా? రోజంతానా, ఓ.పి. రద్దీ వేళలోనేనా? ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందా, లేక భవనం లోపల ఒక గది నుండి మరో గదికి పంపడమే నెమ్మదిగా ఉందా? మూడవది ముఖ్యం. లోపలి తీగ దెబ్బతింటే బయటి ప్లాను పెంచి లాభం లేదు.

తరువాత కొలవాలి. ఒకే పెద్ద ఫైలును రెండు కంప్యూటర్ల మధ్య పంపి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. లైను వేగం మెగాబిట్లలో చెబుతారు, ఫైలు సైజు మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల లైనులో సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రాదు. 11 వస్తుంటే ఆ లైను ఆరోగ్యంగానే ఉన్నట్లు లెక్క.

కాని పెట్టెలన్నీ 1000 మెగాబిట్లవైనా 11 దగ్గరే ఆగిపోతే అనుమానించవలసింది తీగను. ఆ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. కుర్చీ కాలు కింద నలిగి, లేదా ఎలుక కొరికి ఒక్క తీగ తెగినా వేగం పదో వంతుకు పడిపోవచ్చు. అది పంజాగుట్ట చౌరస్తా లాంటిది. ముందూ వెనుకా రోడ్డు ఎంత వెడల్పున్నా, ఇరుకైన చోటే అందరి వేగాన్నీ నిర్ణయిస్తుంది. తీగ బాగుంటే స్విచ్‌లోని రంధ్రం, పాత హార్డ్ డిస్కు, వేలకొద్దీ చిన్న ఫైళ్ళు ఒక్కసారిగా పంపడం, ఇలా వరుసగా చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మందులు కలిపి మింగితే ఏది పనిచేసిందో తెలియదు కదా!

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2002 నవంబరులో అమెరికాలోని బోస్టన్‌లో తెలిసింది. అక్కడి బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్కు రద్దీ తట్టుకోలేక స్తంభించిపోయింది. కొన్ని రోజులపాటు చీటీలు, రిపోర్టులు అన్నీ కాగితం మీదే నడిచాయి. మెచ్చుకోదగిన విషయమేమంటే, ఆ ఆసుపత్రి జరిగినదంతా దాచకుండా ఇతర ఆసుపత్రులకు చెప్పింది. మన దేశంలో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు కూడా కాగితమే ఆదుకుంది. అందుకే వేగం కోసమని యాంటీవైరస్ తీసివేయమనే సలహాను ఎవరూ వినకూడదు.

మేము కోరేది మూడు విషయాలు. ఒకటి, ప్రతి కౌంటరులో కాగితపు ఓ.పి. చీటీలు సిద్ధంగా ఉండాలి. ఆయాసంతో, గుండెనొప్పితో వచ్చిన వారు కంప్యూటరు కోసం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. రెండు, "సర్వర్ స్లో" అని ఊరుకోకుండా, ఎంతసేపు పట్టవచ్చో కూర్చున్నవారికి చెప్పాలి. మూడు, నెమ్మదించిన ప్రతిసారీ తేదీ, సమయం, గది ఒక నోటుబుక్కులో రాయాలి. నెల తిరిగేసరికి జబ్బు ఎక్కడుందో ఆ పుస్తకమే చెబుతుంది.

రోగులకూ ఒక మనవి. పాత రిపోర్టులు, మందుల చీటీలు ఒక ఫైలులో పెట్టి వెంట తెచ్చుకోండి. కంప్యూటరు ఆగినా మీ వైద్యం ఆగదు. అలాగే, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్న యువతీ యువకులు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. ఆసుపత్రి అనుమతితో, అక్కడి సిబ్బంది సమక్షంలో, నెలకు ఒక శనివారం తీగలు పరీక్షించడానికి వారు ముందుకు వస్తే, వారికి అనుభవం, రోగులకు మేలు. ఒక తీగ మార్చడానికి అయ్యే ఖర్చు స్వల్పం. కౌంటరు ముందు నిలబడ్డ ఆ తల్లికి అది అరగంట మిగల్చవచ్చు.